పదును ఆగదు, బాడుగ బ్లేడు రాదు

మా బావమరిది బ్యాంకులో పనిచేస్తాడు. లెక్క దగ్గర మొహమాటం ఎరగడు. పండక్కి ఊరొచ్చినప్పుడు మా కల్లం దగ్గర వేపచెట్టు కింద పడున్న బ్లేడును, అంటే మట్టి లాగి గట్టు వేయడానికి ట్రాక్టరు వెనక తగిలించే పనిముట్టును చూసి “ఎంతయింది బావా?” అన్నాడు. పాత ఇనుము, వెల్డింగు కూలి, పిన్నులు, రంగు అంతా కలిపి 17 వేల చిల్లర అన్నాను. ఏడాదికి ఎన్ని గంటలు వాడతావన్నాడు. పదో పదిహేనో అన్నాను. ఇక మొదలుపెట్టాడు. బ్లేడుతో సహా ట్రాక్టరు బాడుగ గంటకు వెయ్యి అనుకుందాం. అందులో డీజిలు, బండి అరుగుదల, నీ కష్టం నువ్వెట్లాగూ పెట్టుకోవాల్సిందే. అవి తీసేస్తే సొంత బ్లేడు వల్ల నీకు గంటకు మిగిలేది మూడొందలు, మహా అంటే మూడొందల యాభై. పదిహేను గంటలూ వేసుకుంటే ఏడాదికి ఐదు వేలు. రిపేర్లు, వడ్డీ కలుపుకుంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు. “అప్పటిదాకా తుప్పు పట్టకుండా ఉంటే” అని ఒక చురక కూడా వేశాడు.

ఆ లెక్కలో తప్పేమీ లేదు. నేను కాయితం మీద వేసుకున్నా అంతే వస్తుంది. అయినా బ్లేడు సొంతంగా చేయించుకోవడమే మంచిదని నేను ఇప్పటికీ అంటున్నాను. అందరికీ కాదు. ట్రాక్టరు లేనివాళ్లకు ఈ తలనొప్పే లేదు. పెద్ద కమతాలున్నవాళ్లు కంపెనీది కొనుక్కుంటారు. కిస్తీలు తీరిపోయిన పాత ట్రాక్టరొకటి ఇంటి ముందుండి, ఐదారెకరాల ఎర్రనేల ఉండి, ఏటా ఒకే చోట గట్టు తెగుతుంటే ఏం చేయాలో తోచని వాళ్ల గురించే నేను మాట్లాడేది.

లెక్కలో లేని రెండు రోజులు

మా వైపు, అంటే అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం చుట్టుపక్కల, నేల ఎక్కువగా ఎర్ర గరుసు. తడిసినప్పుడు చెప్పిన మాట వింటుంది. ఎండితే గడ్డపారను కూడా లెక్కచేయదు. ఎండాకాలంలో బ్లేడు ట్రాక్టర్లు ఖాళీగా ఉంటాయి, ఫోన్ చేస్తే ఆ పూటే వస్తాయి. కానీ అప్పుడు మా నేల మీద బ్లేడు లాగితే పెంకు మీద గోరుతో గీసినట్టు ఉంటుంది. దుమ్ము లేస్తుంది, మట్టి కదలదు. ముందు కల్టివేటరు వేసి గుల్ల చేసి, ఆ తర్వాత బ్లేడు లాగాలి. అంటే రెండు పనులు, రెండు బాడుగలు. అదే వాన పడి, పనికి సరిపడా తడి కుదిరి నేల పదునైన రోజున ఒక్క బ్లేడే చాలు, మట్టి దాని ముందు దొర్లుకుంటూ పోతుంది.

ఆ పదును ఎర్రనేలలో ఉండేది రెండు రోజులు, మబ్బు పట్టి ఉంటే మూడు. ఆదోని వైపో జమ్మలమడుగు వైపో నల్లరేగడి ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు వాన పడగానే పొలంలో కాలు పెట్టడానికే వీలుండదు గానీ ఆ తర్వాత తేమ చాలారోజులు నిలుస్తుంది. మాకు ఆ వెసులుబాటు లేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే జిల్లా మాది. అందులో పొలం పనికి పనికొచ్చే పదును రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న ప్రతి ట్రాక్టరూ గొర్రు తగిలించుకుని శనక్కాయ విత్తనానికి పోతుంది. బ్లేడున్నవాడు కూడా బ్లేడు విప్పి పక్కన పడేసి విత్తనానికే పోతాడు. అది అతని తప్పు కాదు. గంటల బాడుగకు గట్టు వేయడం కన్నా ఎకరాల లెక్కన విత్తడంలోనే అతనికి నాలుగు డబ్బులు.

ఒక ఏడు జూన్‌లో మా పక్క పొలం అన్నకు మొదటి పెద్ద వానకే దిగువ గట్టు తెగింది. పెద్ద గండి కూడా కాదు, ఒక బండి దూరేంత. తెల్లారి ఫోన్ చేస్తే బ్లేడాయన “రేపొస్తా అన్నా” అన్నాడు. మర్నాడూ అదే మాట. చివరికి అతను వచ్చేసరికి నేల బిగిసిపోయింది. గంటన్నర తిరిగాడు, వెయ్యిన్నర తీసుకున్నాడు, గండికి అడ్డంగా పెళ్లలు పేర్చినట్టు ఒక దిబ్బ వేసి పోయాడు. తడి లేని మట్టి కదా, కుదురుకోలేదు. తర్వాతి వానకు ఆ దిబ్బతో పాటు, ఎండాకాలంలో ట్రాలీల లెక్కన తోలించి పరిచిన చెరువు మట్టి కూడా పోయి వంకలో పడింది. ఆ మట్టి తోలకానికి ఎంతయిందో నాకు తెలుసు. మా బావమరిది గంటకు మూడొందల లెక్కలో ఇది ఎక్కడుంది?

ఆయన దీనికి కూడా జవాబు చెప్పాడనుకోండి. “అది ఎప్పుడో ఒకసారి జరిగేది బావా, దాన్ని ప్రతి ఏటికీ వేసుకోకూడదు” అన్నాడు. నిజమే. వాన సరిగ్గా పడని ఏడు గట్టు తెగదు, బ్లేడు వేపచెట్టు కిందే ఉంటుంది. మా జిల్లాలో అట్లాంటి ఏళ్లే ఎక్కువ. కానీ కురిసే నాలుగు వానలూ కుండపోతగా కురిసి పోతున్నప్పుడు, తెగిన గట్టును ఆ రెండు రోజుల్లోనే కట్టగలగడం ఒక్కటే నా చేతిలో ఉన్న పని. జేసీబీ పిలిపించుకోవచ్చు కదా అనే మాట కూడా వింటుంటాను. కొత్త గట్టు వేయాలంటే, కుంట తవ్వాలంటే జేసీబీయే. కానీ చిన్న గండి కోసం దాన్ని రప్పిస్తే రానుపోను గంటలు కూడా మన ఖాతాలోనే. పైగా బొచ్చెతో తీసిన చోట పైమట్టి కిందికి, కింది సుద్ద పైకి వచ్చి ఆ చెక్క రెండు మూడేళ్లు పంటకు పనికిరాదు.

కాబట్టి నా దృష్టిలో సొంత బ్లేడంటే వానాకాలపు రెండు రోజులకు కట్టుకున్న బీమా. డబ్బు మిగుల్తుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట. దీన్ని ఒప్పుకుంటే ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ రెండు రోజుల్లో విరిగే బ్లేడు ఎంత చౌకగా వచ్చినా దండగే. ఎక్కడ మిగుల్చుకోవాలి, ఎక్కడ చెయ్యి ముడుచుకోకూడదు అన్నది తేల్చేది కూడా ఇదే.

బరువు కొనుక్కోవాలి

వెల్డింగ్ భాయ్ మొదట చెప్పిన మాట “అన్నా, 5 ఎంఎం రేకు వేద్దాం, సగానికి సగం మిగుల్తాది” అని. మంచి పనివాడు, నా మేలు కోరే చెప్పాడు. కానీ మన ట్రాక్టర్ల వెనక లిఫ్టుకు ఒక గుణముంది. అది ఎత్తుతుంది గానీ కిందికి అదమదు. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు పాయింట్ల తగిలింపు (కింద రెండు లింకులు, పైన ఒకటి) 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతో లోకమంతా పాకింది. మన బండ్ల వెనక ఉన్నదీ ఆ పద్ధతే. లివరు కిందికి తోస్తే పనిముట్టు తన బరువుతో తానే దిగాలి. బరువు లేని బ్లేడు నేల మీద జారుతుంది. ఎద్దులతో లాగే పాత గుంటకకు కూడా ఇదే సమస్య. నేల గట్టిగా ఉంటే దాని మీద రాయి పెట్టేవాళ్లు, లేదంటే మనిషే ఎక్కి నిలబడేవాడు. ఎద్దుల వెనక అది చెల్లింది. ట్రాక్టరు బ్లేడు మీద మనిషి నిలబడితే జారి పడేది చక్రం వెనక, బ్లేడు ముందు. ఆ పని ఎవరూ చేయొద్దు.

ఇనుము బరువు ముందే లెక్క వేసుకోవచ్చు. చదరపు మీటరు 10 ఎంఎం ప్లేటు 78.5 కిలోలు తూగుతుంది. ఆరడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు ముక్క 65 కిలోల పైచిలుకు. అదే 5 ఎంఎం అయితే 33. ఫ్రేముకు నాలుగంగుళాల చానలు మీటరుకు తొమ్మిదిన్నర కిలోలు. ప్లేటు, చానలు, పై లింకు తగిలించే మాస్టు, కింద అంచు అన్నీ కలిపితే నాది 150 దాటింది. వెయ్యి కిలోలకు పైన ఎత్తే లిఫ్టుకు ఇది లెక్కలోది కాదు. గుజిరీ అంగట్లో ఇనుము తూకానికి అమ్ముతారు. అక్కడ మనం కొనేది బరువునే. కొత్త ప్లేటుకు, వంకర తిరిగిన పాత ప్లేటుకు నేల మీద అదిమే బరువులో తేడా లేదు. అందుకే ప్లేటు, చానళ్లు మొత్తం పాతవే తీసుకున్నాను. ప్లేటు ఏదో షెడ్డు పునాది కింద ఉన్నది, బోల్టు బెజ్జాలు అట్లాగే ఉన్నాయి. చానళ్లు విప్పేసిన ట్రాలీవి. ఇంకా బరువు కావాలనుకుంటే ఇనుమే అక్కర్లేదు. ఫ్రేము మీద యాంగులర్లతో చట్రం కట్టి నాలుగు తాడిపత్రి బండలు పేర్చి, పైన పట్టీ వేసి బోల్టులతో బిగిస్తే సరి.

ఈ బరువు గోల అన్ని నేలలకూ వర్తించదని కూడా చెప్పాలి. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఏటి ఇసుక గాలికి పొలాల మీదికి వచ్చి మేటలు వేస్తుంది. ఆ ఇసుక లాగడానికి భాయ్ చెప్పిన 5 ఎంఎం రేకే చాలు, బరువైతే దిగబడి ఇబ్బంది. అట్లాగే ఎండాకాలంలో చెరువు మట్టి కుప్పలు పరచడానికి కూడా తేలిక బ్లేడు చాలు.

పొడవు దగ్గర చాలామంది తొందరపడతారు. వెనక టైర్ల బయటి అంచులు దాటితేనే బ్లేడు మన టైరు గుర్తులను తుడుచుకుంటూ వస్తుంది. నా పాత బండికి ఆరడుగులు సరిపోయింది. బ్లేడును ఏటవాలుగా తిప్పుకునే ఏర్పాటు కావాలనుకుంటే మాత్రం జాగ్రత్త. 30 డిగ్రీలు తిప్పితే ఆరడుగుల బ్లేడు ఐదడుగుల రెండంగుళాల మేరే ఊడుస్తుంది, టైరు గుర్తు మిగిలిపోతుంది. నాది 15 డిగ్రీలకు మించి తిరగదు. గట్టు పక్కన మట్టి ఒత్తిగిల్లడానికి అది చాలు.

ఒక్క పాత ఇనుముకు మాత్రం దూరంగా ఉండాలి. ఆయిలు ట్యాంకరు చీల్చిన వంపు రేకు బ్లేడుకు భలే అనువుగా ఉంటుంది, మట్టి చక్కగా దొర్లుతుంది. కానీ కొయ్యకుండా ఉన్న ట్యాంకును తెచ్చి మీ ముందే గ్యాసు కటింగు చేస్తానంటే ఒప్పుకోవద్దు. లోపల డీజిలో పెట్రోలో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

పిన్ను, అంచు, ఒక బలహీనమైన బోల్టు

లింకుల్లో దూరే పిన్నులు రెండు సైజులు. చిన్న బండ్లకు కింది పిన్ను 22 ఎంఎం, పెద్ద బండ్లకు 28. మన 35, 45 హార్స్‌పవర్ బండ్లలో ఏది ఉందో కొలిచి చూసుకోవాలి. 28 బెజ్జంలో 25 ఎంఎం కడ్డీ దూర్చి నడిపేవాళ్లను చూశాను. నడుస్తుంది. రివర్సు వేసిన ప్రతిసారీ, ఎత్తి దించిన ప్రతిసారీ ఆ మూడు ఎంఎం సందులో 150 కిలోలు కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు కడ్డీ వంగుతుంది, లేదా లింకు కొసన పిన్ను దూరే బాలు అరుగుతుంది. బాలు అరిగితే బ్లేడుతో పోదు, రేపు కల్టివేటరుకూ అదే బాధ. పిన్నులు, అవి జారిపోకుండా పెట్టే లించ్ పిన్నులు షాపులో కొత్తవే కొన్నాను. మొత్తం ఖర్చులో అదెంత?

అసలు గొడవంతా కింది అంచు దగ్గర వచ్చింది. ప్లేటు మెత్తటి ఇనుము, నేలకు రాసుకుంటే అరిగిపోతుంది. అందుకని కింద గట్టి ఉక్కు అంచు కావాలి. మా చుట్టుపక్కల అందరూ వేయించేది లారీ కమాన్ కట్టలు, అంటే లారీ స్ప్రింగు పట్టీలు. మంచి ఉక్కు, చౌక, ఎక్కడైనా దొరుకుతుంది. నేనూ వాటినే అనుకున్నాను. ఆ ఆలోచన మార్చింది పక్కూరి చిన్నాయన బ్లేడు.

ఆయనది ఒక పదునులో గుండురాయి తగిలి విరిగింది. చూడటానికి పోయాను. కమాన్ పట్టీ ఒక జానెడు మేర ఊడిపోయి ఉంది. “వెల్డింగు సరిగా చేయలేదు నాయనా” అని తిడుతున్నాడు. కూర్చుని వేలితో తడిమి చూశాను. వెల్డింగు కుట్టు చెక్కుచెదరలేదు. చీలిక దాని పక్కన, పట్టీ ఉక్కులోనే, కుట్టును ఆనుకుని సన్నటి గీతలాగా పోయింది. లోపల సగం దూరం తుప్పు రంగు, మిగతా సగం కొత్త మెరుపు. అంటే సగం చీలిక ఎప్పటిదో, గుండు తగిలింది మిగతా సగానికి. వెల్డింగ్ చేసినప్పుడు ఏం చేశారని అడిగితే, తొందరగా తీసుకుపోదామని బకెట్‌తో నీళ్లు పోసి చల్లార్చారట.

కమాన్ ఉక్కులో కార్బన్ ఎక్కువ, వందకు అర వంతుకు పైనే. అట్లాంటి ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే కుట్టు పక్కన గాజు పెళుసుతనం వస్తుంది. దాన్ని అతికించాలంటే ముందు గ్యాసుతో పట్టీ అంతా వేడెక్కించాలి. మామూలు 6013 వెల్డింగు రాడ్డు బదులు, తడి తగలకుండా దాచిన 7018 రాడ్డు వాడాలి. అతికాక బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి నిదానంగా చల్లారనివ్వాలి. ఇవన్నీ చేసే ఓపిక, తీరిక మన షాపుల్లో చాలామందికి ఉండదు. పదునులో పట్టీ ఊడితే మళ్లీ ఇదంతా చేయాలి. అది కూడా కరెంటు ఉన్నప్పుడు, భాయ్ ఖాళీగా ఉన్నప్పుడు.

అందుకని నేను బోల్టులతో బిగించే అంచు వైపు మొగ్గాను. రోడ్లు చదును చేసే గ్రేడర్ల అరిగిన అంచులు పాత ఇనుము కింద వస్తుంటాయి. సిమెంటు ఫ్యాక్టరీలు, క్వారీలు ఉన్న తాడిపత్రి వైపు అడిగితే దొరికింది. బోల్టు బెజ్జాలు దానికి ముందే ఉంటాయి. రోడ్డు పనికి అరిగిందని తీసేసింది మన పొలానికి ఏళ్ల తరబడి వస్తుంది, ఒక వైపు పూర్తిగా పోతే తిప్పి రెండో వైపు బిగించుకోవచ్చు. కమాన్ కట్ట కన్నా కిలోకు పది ఇరవై ఎక్కువే పడింది. భాయ్‌కి ఇది నచ్చలేదు. “బోల్టు తలకాయలు అరిగిపోతాయన్నా, వెల్డింగంత గట్టి ఏదీ రాదు” అన్నాడు. అరుగుతాయి, కాదనను. కానీ అరిగిన బోల్టును పొలంలోనే స్పానరుతో మార్చుకోవచ్చు. నాకు కావాల్సింది ఆ రెండు రోజుల్లో ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఉండటం. గట్టిదనంలో అతనిది పైచేయి అయినా ఈ ఒక్క విషయంలో నాదే.

దీనికి పూర్తిగా ఎదురుగా, కావాలనే బలహీనంగా పెట్టించింది ఒకటుంది. బ్లేడు నడిమధ్య ఒక లావు పిన్ను మీద తిరుగుతుంది, అది తిరగకుండా పట్టి ఉంచేది పక్కన ఒక్క బోల్టు. అక్కడ 8.8 అని తలమీద గుర్తున్న గట్టి బోల్టు వేయకుండా అందులో సగం బలమే ఉండే మామూలు బోల్టు వేశాం. మా పొలాల్లో నేలలో కూరుకుపోయిన గుండ్లకు కొదవ లేదు. బ్లేడు మూల గుండుకు తగిలితే ముందు ఆ పాతిక రూపాయల బోల్టు తెగి బ్లేడు పక్కకు తిరుగుతుంది. ఆ బోల్టు గట్టిదైతే ఆ దెబ్బ మాస్టుకో, లింకుకో, ఇంకా లోపల లిఫ్టు షాఫ్టుకో పోతుంది. సీటు కింద టూల్ బాక్సులో అలాంటి బోల్టులు గుప్పెడు ఉంటాయి.

ముందు వైపు మాత్రం వద్దు

ఇంతా విని “మరి డోజరే చేయించుకో, ఎత్తి దించే జాకీలు కూడా పాతవి దొరుకుతాయి” అనేవాళ్లున్నారు. ట్రాక్టరు ముందు కట్టే డోజరు చూడటానికి బాగుంటుంది, కిందికి అదుముతుంది కూడా. కానీ అది వెనక బ్లేడుకు అన్నలాంటిది కాదు, వేరే జాతి. వెనక బ్లేడు లాగుతుంది, ఆ లాగుడు తట్టుకోవడానికే వెనక యాక్సిలు, లింకులు తయారైనవి. ముందు కట్టింది తోస్తుంది. కంపెనీ డోజరును చూస్తే దాని చట్రం బండి కింద నుంచి వెనక యాక్సిల్ దాకా పోతుంది. ముందు గుండు తగిలినా ఆ దెబ్బను మోసేది ఆ చట్రమే. దాన్ని వదిలేసి ముందు బంపరు బోల్టులకే బ్లేడు బిగిస్తే ఆ దెబ్బంతా ముందు యాక్సిలు మీద, ఇంజనుకూ క్లచ్‌కూ మధ్య అతుకు మీద పడుతుంది. అది పోత ఇనుము. వంగదు, పగులుతుంది. పగిలితే బ్లేడు ఖర్చు కాదు, బండి ఖర్చు. సొంతంగా చేయించుకోవడం మీద నాకెంత ఇష్టమున్నా, ముందు వైపు డోజరు దగ్గర నేను బాడుగ పక్షమే.

అరువు

సొంత బ్లేడుకు ఉన్న అసలు ఖర్చు మా బావమరిది లెక్కలోనూ లేదు, నా లెక్కలోనూ లేదు. పదును రోజున అది నాకొక్కడికే కాదు, ఊరందరికీ కావాలి. గొర్రు అడిగితే లేదనొచ్చు, అందరికీ ఉంటుంది. బ్లేడు అందరికీ ఉండదు. లేదంటే మాట పడుతుంది. ఇస్తే తిరిగొచ్చేది ఎట్లా వస్తుందో చెప్పలేం. ఒకసారి కింది పిన్ను బదులు గడ్డపార ముక్క దూర్చి, దానికి బైండింగ్ వైరు చుట్టి తెచ్చి పెట్టారు. పిన్ను ఎక్కడో పొలంలో పడిపోయిందట. ఇంకొకసారి ఆ బలహీనమైన బోల్టు తెగిందని దాని బెజ్జంలో కడ్డీ పెట్టి వెల్డింగు చేయించి తెచ్చారు. “మాటిమాటికీ తెగుతాంది మామా, గట్టిగా చేయించినా” అని సంతోషంగా చెప్పాడు కుర్రాడు. తిట్టడానికి నోరు రాలేదు, అతను తన డబ్బు పెట్టి చేయించాడు మరి. గ్రైండరుతో కోయించి మళ్లీ మామూలు బోల్టు వేయించాను.

బాడుగ తీసుకుని ఇవ్వమంటారు కొందరు. తీసుకుంటే నా గట్టు కన్నా వాళ్ల గట్టు ముందవుతుంది. డబ్బిచ్చినవాడు రేపు రమ్మంటే ఊరుకోడు కదా. తీసుకోకపోతే పిన్నుల ఖర్చు నాదే. ఇప్పటికి నేను పాటిస్తున్నది ఒకటే. బ్లేడు ఒక్కటే ఇవ్వను, నేనూ నా బండీ పోతాం, డీజిలు వాళ్లు పోస్తారు. నా పొలం పనయ్యాకే. దీన్ని పిసినారితనం అన్నవాళ్లూ ఉన్నారు, అననివ్వండి.

గార్లదిన్నె ఎంత దూరం

నా వాదనకు గట్టి దెబ్బ సబ్సిడీ దగ్గర తగులుతుంది. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు సగం వరకు, మిగతావాళ్లకు 40 శాతం వరకు పనిముట్ల మీద సబ్సిడీ ఉంది. కంపెనీ వెనక బ్లేడు ధర నా ఖర్చుకు రెట్టింపు పైన. సగం సబ్సిడీ వస్తే రెండూ దాదాపు ఒకటే. అదే డబ్బుకు అరిగిన అంచు, షెడ్డు ప్లేటు ఎందుకు, కొత్తదే కొనుక్కోవచ్చు కదా? వస్తే తప్పకుండా కొనుక్కోవాలి. ఏ ఏడు ఏ పనిముట్టు ఇస్తారో, మన పేరు ఎప్పుడు వస్తుందో, ముందు మొత్తం డబ్బు కట్టాలో లేదో, ఇవన్నీ తేలేసరికి వాన మనకోసం ఆగదు. ఆ ఓపిక ఉన్నవాళ్లను నేను ఆపను.

నన్ను ఆలోచనలో పడేసేది ఇంకొకటి. సబ్సిడీలో అమ్మాలంటే ఆ పనిముట్టుకు గుర్తింపు పొందిన కేంద్రం నుంచి పరీక్ష రిపోర్టు ఉండాలి. మా వెల్డింగ్ భాయ్ చేసిన బ్లేడుకు అది ఏ జన్మకీ రాదు. నిజానికి ఈ నియమం మీద నాకు కోపం లేదు. ఆ రిపోర్టుల్లో అంచు ఉక్కు ఎంత గట్టిది, అందులో కార్బన్ ఎంత అని కొలిచి రాస్తారు. చిన్నాయన కమాన్ పట్టీని ఎవరైనా అట్లా కొలిచి ఉంటే ఆయన ఆ పదును పోగొట్టుకునేవాడు కాదు. పరీక్ష ఉండాల్సిందే.

విచిత్రమేమిటంటే దక్షిణాది రాష్ట్రాలకంతా ఆ పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ మా జిల్లాలోనే ఉంది. అనంతపురం నుంచి గుత్తి పోయే దారిలో, గార్లదిన్నె దగ్గర. ట్రాక్టర్ నగర్ అంటారు. యంత్రాలు నడపడం, బాగుచేయడం మీద శిక్షణ కూడా ఇస్తారక్కడ. ఎక్కడెక్కడి కంపెనీల పనిముట్లో లారీల్లో అక్కడికి వచ్చి, రిపోర్టు రాయించుకుని పోతాయి. అక్కడికి బస్సు దూరంలో ఉన్న ఊళ్లలో పనిముట్లు చేసేవాళ్లు మాత్రం కమాన్ పట్టీ మీద నీళ్లు పోస్తూనే ఉన్నారు.

ఒకప్పుడు గుంటక చేసిన కమ్మరికి కల్లంలో మేర, అంటే ధాన్యంలో అతని వాటా, కొలిచేవాళ్లం. పని బాగాలేకపోతే మరుసటేడు అదే కల్లానికి వచ్చి నిలబడాలి కాబట్టి అతనికీ భయముండేది, మనకూ అడిగే హక్కుండేది. ఇప్పుడు ఆ కట్టుబాటు లేదు, దాని బదులు ఇంకొకటి రాలేదు. కంపెనీ సరుకుకు రిపోర్టు, షాపు సరుకుకు నోటిమాట. ఆ మధ్యలో ఏదైనా ఉండొచ్చు. వెల్డింగు పనివాళ్లకు ఏ ఉక్కును ఎట్లా అతకాలో, ఏ రాడ్డు వాడాలో, ఎక్కడ కావాలని బలహీనమైన బోల్టు పెట్టాలో రెండు రోజులు చూపించి, ఒక కాయితం ఇచ్చి పంపినా చాలు. దానికి కొత్త సంస్థ అక్కర్లేదు, ఉన్న గేటు తీస్తే సరిపోతుంది. ఈ మాట మా భాయ్‌తో అంటే “ఆ రెండు రోజుల కూలి ఎవరిస్తారన్నా?” అని అడిగాడు. అది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. సబ్సిడీ డబ్బులో ఒక చిన్న ముక్క ఆ కూలికి పెట్టొచ్చని నేనంటాను. ఒక బ్లేడు మీద ఇచ్చే సబ్సిడీతో పది షాపుల వాళ్లకు రెండేసి రోజుల కూలి వస్తుంది, ఆ పది షాపులూ ఏడాదికి ఎన్ని బ్లేడులు చేస్తాయో మా బావమరిదినే లెక్క వేయమనండి.